కళ్ళెం రుచి

సోన్‌కుల్ సరస్సు ఒడ్డునుంచి
ఉన్ని తివాచీలో చుట్టి, ట్రక్కులో దించుకొచ్చారు
గుర్రాలు మేపే తెమిర్కుల్‌ని.
మూడు రోజుల నొప్పి.
మొదటి రోజు, తిన్న మాంసం మీదికి నెట్టాడు.
రెండో రోజు, జీను కుదుపు మీదికి.
మూడో రోజు ఉన్నట్టుండి తగ్గితే
భార్య సాయ్కల్ అల్లాకి దువా చేసిందట.
ఆ తగ్గడమే పగలడం.

నారిన్ ఆసుపత్రిలో ఆ రాత్రి డ్యూటీ నాది.
పొట్ట మీద చెయ్యి వేశాను: చెక్క.
గొట్టం ఆన్చి విన్నాను:
పేగులు మాట మానేశాయి.

"ఏమైంది లోపల?" అంది సాయ్కల్.
పుస్తకంలో మాటలు నోటిదాకా వచ్చి ఆగాయి.
"గొర్రెని కోసేటప్పుడు
కత్తిమొన పేగుకి తగిలితే ఏమవుతుంది?"
ఎన్ని గొర్రెల్ని కోసిన ఇల్లో ఆమెది.
ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.
"మాంసమంతా పాడవుతుంది" అంది మెల్లగా.
"మేం కడుగుతాం" అన్నాను.

అసిల్కాన్ డాక్టరమ్మ తెల్లవారేదాకా కడిగింది.
గోరువెచ్చని ఉప్పునీళ్ళు, లీటరు మీద లీటరు,
పోసినవి తేటగా తిరిగొచ్చేదాకా.
తర్వాత మడతల్లో నక్కిన వాటి కోసం
రెండు మందులు:
ఒకటి, గాలి పీల్చి బతికే వాటికి.
ఇంకొకటి, గాలి తగిలితే చచ్చేవాటికి,
పేగు చీకట్లో తరాలుగా కాపురమున్న వాటికి.

మొన్నటిదాకా ఇతని తిండి అరగదీసిన కూలీలే అవి.
గోడకి అటువైపు పనివాళ్ళు,
ఇటువైపు దోపిడీ దొంగలు.
గోడ దాటామని వాటికి తెలియదు.
సూది గుచ్చేటప్పుడు ఒక్కోసారి
వాటి మీద నాకు కోపం రాదు.

ఎనిమిది గంటలకోసారి సీసా మార్చాను.
"నోట్లో ఇనుము" అన్నాడు రెండో రోజు.
"కళ్ళెం నాకినట్టుంది."
ముప్పై ఏళ్ళు గుర్రాల నోళ్ళలో పెట్టినవాడు.
నవ్వబోయి కుట్లు పట్టుకున్నాడు.

పక్క మంచం బుర్మాకాన్ అవ్వది.
ఆమెకీ అవే సీసాలు, అదే చెయ్యి.
ఆమె ఐదు రోజులు ఆలస్యంగా వచ్చింది.
బిష్కెక్ ల్యాబ్ కాగితం అంతకన్నా ఆలస్యంగా:
ఈ మందుకి లొంగని రకం, అని.
కాగితం చేరేసరికి
దుప్పటి మార్చేశాం.

మూడో రాత్రి అందరి నోటా ఒకటే ప్రశ్న.
డాక్టరమ్మ అడిగింది, నేనడిగాను,
నేల తుడిచే ఝుమాగుల్ కూడా చీపురాపి అడిగింది:
"గాలి పోయిందా?"
అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగింటికి, ఇంకా చీకటుండగానే,
వార్డంతా వినపడేలా ఒక చప్పుడు.
పెళ్ళిలో అయితే తలెత్తుకోలేని చప్పుడు.
సాయ్కల్ లేచి నిలబడి ఏడ్చింది.
గొట్టం ఆన్చాను.
గులకరాళ్ళ మీద సన్నటి వాగు.

జ్వరం దిగాక, ఐదోనాడు,
మందులు చాలన్నారు డాక్టరమ్మ.
సాయ్కల్ ఒప్పుకోలేదు.
"ఇంకో వారం ఎక్కించండి, రెండు గొర్రెలమ్ముతాను."
"ఊరికే పోస్తే, చావనివి మందుని నేర్చుకుంటాయి తల్లీ.
నేర్చుకున్నవి ఇంకొకరి పొట్ట వెతుక్కుంటాయి."
నేను ఖాళీ మంచం మీద
ముడతలేని దుప్పటిని మళ్ళీ సర్దాను.

మంచం కింద దాచింది బయటికి తీసిందామె:
పులిసిన గుర్రప్పాలు, ఒక సీసాడు కుమిస్.
"ఇంకా కాదు" అన్నాను.
"ఆ ఇనుము మందు ఒంట్లోంచి పోవాలి,
కలిస్తే కక్కుకుంటాడు. మూడు రోజులు."

తెమిర్కుల్ వాదించలేదు.
సీసా అడిగి తీసుకున్నాడు.
మూత ఒక్క పిసరు వదులు చేసి
చెవికి ఆనించుకున్నాడు,
నేను అతని పొట్టని విన్నట్టే, కళ్ళు మూసి.

"మాట్లాడుతున్నాయి" అన్నాడు.